హిమాలయంలో పండు, హవాయిలో పీడ: హిసాలు ముళ్లపొదకు రెండు జీవితాలు

వేసవిలో కేదార్‌నాథ్, బద్రీనాథ్ యాత్రకు తెలుగు రాష్ట్రాల నుంచి వేలమంది వెళ్తుంటారు. రుద్రప్రయాగ దాటి ఊఖీమఠ్ వైపు ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు చాలామంది కళ్లు ఒకవైపు లోయనూ, మరోవైపు మంచుకొండలనూ వెతుకుతుంటాయి. రోడ్డును ఆనుకుని ఉన్న గట్టు వైపు చూసేవాళ్లు తక్కువ. మే నెలలో ఆ గట్ల మీద వంగిన ముళ్లకొమ్మలకు గుత్తులు గుత్తులుగా పసుపుపచ్చని పండ్లు వేలాడుతుంటాయి. శనగగింజ కంటే కాస్త పెద్దవి. బడి వదిలాక పిల్లలు ఆ పొదల చుట్టూ చేరతారు. చేతులు గీరుకుపోయినా పట్టించుకోరు.

గఢ్వాల్‌లో దీన్ని హింసర్ అనీ, కుమావూఁలో హిసాలు అనీ అంటారు. ఎవరూ నాటరు, ఎవరూ నీళ్లు పోయరు. ఎవరి సొత్తూ కాదు కాబట్టి అందరిదీ.

ఇదే మొక్కకు మరో గుర్తింపు కూడా ఉంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య (ఐయూసీఎన్) నిపుణులు 2000లో ప్రపంచంలోని అత్యంత హానికరమైన 100 ఆక్రమణ జాతుల జాబితా తయారు చేశారు. అందులో హిసాలు ఒకటి. పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవుల్లో దీన్ని వదిలించుకోవడానికి అటవీ సిబ్బంది దశాబ్దాలుగా తంటాలు పడుతున్నారు.

ఒకచోట పిల్లలకు చిరుతిండి అయిన మొక్క మరోచోట అడవినే మింగే పీడగా ఎలా మారింది? దీనికి జవాబు తెలుసుకోవడం మన కొండలకూ అవసరమే. హిమాలయ రాష్ట్రాల్లో అడవి పండ్లకు 'మార్కెట్' కల్పించాలన్న మాట ఇప్పుడు తరచూ వినిపిస్తోంది. ఆన్‌లైన్ నర్సరీలు 'హిమాలయన్ గోల్డెన్ రాస్ప్‌బెర్రీ' పేరుతో మొక్కలు, విత్తనాలు అమ్ముతున్నాయి.

ఒకే పండు, ఊరికో పేరు

శాస్త్రీయంగా దీని పేరు రూబస్ ఎలిప్టికస్. గులాబీ, ఆపిల్, పియర్, స్ట్రాబెర్రీ ఉన్న కుటుంబమే దీనిదీ. ఆకు మూడు రెబ్బలుగా ఉంటుంది. రెబ్బలు కోలగా, దీర్ఘవృత్తంలా ఉంటాయి కాబట్టే ఎలిప్టికస్ అన్నారు. ఆకు అడుగున తెల్లటి నూగు, కాండమంతా ఎర్రటి బిరుసు వెంట్రుకలు, వాటి మధ్య కొక్కేల్లా వంగిన ముళ్లు. ఈ మూడు గుర్తులు చాలు, దీన్ని ఎక్కడున్నా పోల్చుకోవచ్చు.

హిమాచల్ ప్రదేశ్‌లో ఆఖే అంటారు. నేపాల్‌లో ఐసేలు. అక్కడ నేలబారున పాకే అడవి స్ట్రాబెర్రీని కూడా ఇదే పేరుతో కలిపి 'భుయిఁ ఐసేలు', అంటే నేల ఐసేలు అని పిలుస్తారు. కుమావూఁ కవి గుమానీ పంత్ (1790-1846) హిసాలు మీద పద్యం చెప్పాడు. రెండు వందల ఏళ్ల కిందటే ఈ ముళ్లపొద కవిత్వంలోకి ఎక్కిందంటే అక్కడి బతుకులో దానికి ఎంత చోటుందో ఊహించవచ్చు.

దీని సొంత నేల చాలా విశాలం. పాకిస్తాన్, భారత్, నేపాల్, భూటాన్ హిమాలయ వాలుల నుంచి ఈశాన్య రాష్ట్రాలు, మయన్మార్, దక్షిణ చైనా దాకా విస్తరించింది. దక్షిణాన నీలగిరి, పళని కొండల్లోనూ, శ్రీలంక ఎత్తుల్లోనూ ఉంది. మైదానాల వేడిలో మాత్రం కనబడదు. హిమాలయంలో ఎక్కువగా 700 నుంచి 2,000 మీటర్ల మధ్య, కొన్నిచోట్ల అంతకంటే పైన కూడా పెరుగుతుంది. అందుకే తెలుగు నేల మీద దీనికి జనం నోట నలిగిన పేరు లేదు. మన పల్లెల్లో పరికిపండ్లు, బలుసుపండ్లు, కలేపండ్లు ఏ స్థానంలో ఉన్నాయో, అక్కడి కొండపల్లెల్లో హిసాలుది అదే స్థానం.

దీని చుట్టాలూ ఆ కొండల్లోనే ఉన్నాయి. నల్లని పండ్లు కాసే 'కాలా హిసాలు' (రూబస్ నైవియస్) ఒకటి. దీన్నే ప్రపంచం మైసూర్ రాస్ప్‌బెర్రీ అంటుంది. ఇంకొంచెం ఎత్తులో, ఓక్ చెట్ల నీడన నేల మీద తివాచీలా పాకే రూబస్ నేపాలెన్సిస్ మరొకటి. దానికి ఎర్రటి పండ్లు కాస్తాయి.

పండు కాదు, పండ్ల గుంపు

హిసాలును బెర్రీ అంటున్నాం గానీ, వృక్షశాస్త్రం లెక్కలో అది బెర్రీ కాదు. సీతాఫలాన్ని గుర్తు తెచ్చుకుంటే దీని నిర్మాణం సులువుగా అర్థమవుతుంది. సీతాఫలం పైకి ఒకే పండులా కనిపించినా, లోపల ఒక్కో గింజ చుట్టూ ఉన్న తొన ఒక్కో చిన్న పండు. ఒకే పువ్వులోని అనేక అండకోశాలు విడివిడిగా పండి, ఒక ముద్దగా చేరతాయి. దీన్ని సంకలిత ఫలం అంటారు. హిసాలు కూడా అలాంటిదే. పండు మీది ఒక్కో బుడిపె ఒక్కో బుల్లి పండు. దానిలో ఒక చిన్న గట్టి గింజ.

పండు బాగా పండితే తాకగానే ఊడి వస్తుంది. తొడిమ దగ్గరి మెత్తటి దిమ్మ కొమ్మకే ఉండిపోయి, చేతిలోకి వచ్చిన పండు టోపీలా లోపల బోలుగా ఉంటుంది. రాస్ప్‌బెర్రీల లక్షణం ఇది. బ్లాక్‌బెర్రీలకు ఆ దిమ్మ పండుతోపాటే వచ్చేస్తుంది.

ఈ నిర్మాణమే దీని బలం, దీని బలహీనత కూడా. ఒక్క పండులో పదుల కొద్దీ గింజలుంటాయి కాబట్టి ఒక పిగిలిపిట్ట నాలుగు పండ్లు తింటే చాలు, కొండంతా విత్తనాలు పడతాయి. కానీ పలచటి తొక్కతో, లోపల బోలుగా ఉండే పండు రవాణాకు తట్టుకోదు. కోసిన ఒకటి రెండు రోజుల్లోనే నీరుకారి, పులిసిపోతుంది.

అది మొలిచే చోట్లకు ఒక అర్థం ఉంది

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా తెల్లటి పూలు పూస్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పండ్లు. వర్షాలు మొదలయ్యేసరికి కాపు అయిపోతుంది.

హిసాలు దట్టమైన అడవి లోపల పెద్దగా కనిపించదు. అడవి అంచుల్లో, కాలిబాటల వెంట, మెట్ల పొలాల గట్ల మీద, వాగుల ఒడ్డున, కొండచరియ జారిన చోట, చెట్లు నరికిన చోట కనిపిస్తుంది. వెలుతురు కావాలి, కదిలిన మట్టి కావాలి. ఒకసారి మొలిస్తే కొమ్మలు విల్లులా వంగి చుట్టూ ఉన్నవాటి మీద ఒరుగుతాయి. వేళ్ల నుంచి కొత్త పిలకలు పైకి లేస్తాయి. నరికినా, మంట వచ్చినా, భూమిలోని వేరు బతికి ఉంటే మళ్లీ చిగురిస్తుంది. ఉత్తరాఖండ్‌లో ఏటా ఫిబ్రవరి మధ్య నుంచి జూన్ మధ్య దాకా అడవి మంటల కాలం. హిసాలు పూతా, కాపూ సరిగ్గా ఆ నెలల్లోనే. ఆ ఏడాది పంట పోయినా మొక్క పోకపోవడానికి కారణం ఈ వేరే.

అంటే నేల గాయపడిన చోటికి ముందుగా చేరే మొక్కల్లో ఇదొకటి. పై మట్టిని పట్టి ఉంచుతుంది. ఆకు రాల్చి నేలకు కొంత సారం చేరుస్తుంది. ముళ్ల మధ్యకు మేకలు, ఆవులు దూరలేవు కాబట్టి, పొద లోపల మొలిచిన ఓక్, బురాంశ్ వంటి చెట్ల మొలకలకు కొన్నేళ్లు రక్షణ దొరుకుతుంది. ఆ చెట్లు పెరిగి నీడ పరిచాక హిసాలు తానే వెనక్కు తగ్గుతుంది. అడవి తిరిగి లేచే క్రమంలో ఇది మొదటి మెట్టు.

అయితే దీనికి లేని శక్తిని అంటగట్టకూడదు. చార్‌ధామ్ రహదారి ప్రాజెక్టు కింద దాదాపు 889 కిలోమీటర్ల పొడవున రోడ్లను వెడల్పు చేసేందుకు కొండలను నిలువుగా కోశారు. ఆ కోతల మీద ముళ్లపొదలు మొలిచి పచ్చదనం రావచ్చు. కానీ పొద వేళ్లు పట్టుకునేది పై మట్టిని మాత్రమే. లోతు నుంచి కొండ కదిలితే ఆపడం దాని వల్ల కాదు. పచ్చగా కనిపించినంత మాత్రాన వాలు గట్టిపడినట్టు కాదు.

మనుషులు వెళ్లిపోయిన పొలాల్లో

హిసాలు విస్తరిస్తున్న మరో చోటు ఉంది. అది వదిలేసిన పొలం. ఉత్తరాఖండ్ గ్రామీణాభివృద్ధి, వలసల కమిషన్ 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2011 తర్వాత రాష్ట్రంలో 734 గ్రామాలు పూర్తిగా ఖాళీ అయ్యాయి. ఉపాధి, చదువు, వైద్యం కోసం జనం మైదానాలకు దిగిపోయారు. తరతరాలుగా రాయి మీద రాయి పేర్చి కట్టుకున్న మెట్ల పొలాలు బీడుపడ్డాయి.

అలాంటి బీడులోకి ముందుగా గడ్డి, తర్వాత ముళ్లపొదలు వస్తాయి. చుట్టూ పాత ఓక్ అడవి ఉంటే హిసాలు వెనకే చెట్లూ రావచ్చు. కానీ ఇప్పుడు పోటీ మారింది. తక్కువ ఎత్తు వాలుల్లో లాంటానా, తేమ ఉన్నచోట 'కాలా బాంసా' అనే మెక్సికో మొక్క ముందుగా ఆక్రమిస్తున్నాయి. పిల్లలు తినే పండు, పశువులు కొరికే ఆకు ఉన్న పొద స్థానంలో ఎవరికీ పనికిరాని పొద వచ్చి చేరుతోంది. పైకి రెండూ పచ్చదనమే. ఉపగ్రహ చిత్రంలో తేడా తెలియదు. ఊళ్లో మిగిలిన ముసలివాళ్లకు తెలుస్తుంది.

పండు కోసే పిల్లలు లేకపోవడం కూడా ఒక నష్టమే. ఏ గట్టు మీది పొద ముందు పండుతుంది, దేనికి తీపి ఎక్కువ అన్నది పుస్తకాల్లో ఉండదు. అది ఒక వేసవి నుంచి మరో వేసవికి, అక్క నుంచి తమ్ముడికి చేరే తెలివి. ఊరు ఖాళీ అయితే ఆ గొలుసు తెగుతుంది.

దీవులకు చేరితే ఏమైంది

1961లో హిసాలును తినే పండు కోసం హవాయి దీవుల్లోని వోల్కానో అనే ఊరి ప్రాంతానికి తెచ్చారు. ఉద్దేశంలో తప్పేమీ లేదు. చల్లని కొండ, మంచి వాన, తినడానికి తియ్యటి పండు. కానీ ఆ దీవుల చరిత్ర హిమాలయం చరిత్ర లాంటిది కాదు.

హవాయి ఖండాలకు వేల కిలోమీటర్ల దూరంలో, సముద్రం మధ్య అగ్నిపర్వతాల నుంచి పుట్టిన నేల. మనుషులు వచ్చేదాకా అక్కడ మేకలు, జింకలు, పందుల్లాంటి జంతువులు లేవు. తినేవాళ్లు లేనిచోట ముళ్లతో పనేముంది? అక్కడి సొంత రాస్ప్‌బెర్రీ 'అకాలా'కు ముళ్లు నామమాత్రం. అలాంటి అడవిలోకి, మేకల నోళ్లనూ కొడవళ్లనూ తట్టుకుని రాటుదేలిన హిమాలయ ముళ్లపొద అడుగుపెట్టింది.

దానితో కలిసి పెరిగిన పురుగులు, బూజు తెగుళ్లు, మేకలు అక్కడ లేవు. పండు తిని గింజ మోసే నేస్తాలు మాత్రం దొరికాయి. బయటి నుంచి తెచ్చిన పక్షులు, అడవిపాలైన పందులు విత్తనాలను లోతట్టు అడవుల్లోకి చేరవేశాయి. పందులు నేలను తవ్వడంతో కదిలిన మట్టి కూడా సిద్ధంగా ఉంది. ఇంకో విచిత్రం ఏమిటంటే హిమాలయంలోని కలిజ్ అనే అడవికోడి జాతిని కూడా 1962లో వేట కోసం ఆ దీవికి తెచ్చారు. పరాయి మొక్కల గింజలను చల్లే పక్షుల్లో ఇప్పుడు అదీ ఒకటి.

ఫలితంగా నాలుగు మీటర్ల ఎత్తు దాకా లేచే, మనిషి దూరలేని ముళ్లడవి తయారైంది. వెలుతురు అందక కింద స్థానిక మొలకలు బతకవు. అకాలా తన సొంత చోటులోనే వెనక్కు తగ్గుతోంది. హవాయి అగ్నిపర్వతాల జాతీయ పార్కు సిబ్బంది కొమ్మలు నరికి, మొదళ్లకు మందు పూసి అదుపు చేయాలని చూస్తున్నారు. వేరు ముక్క మిగిలితే మళ్లీ మొదలు. దీని సహజ శత్రువులైన కీటకాలను వెతుకుతూ శాస్త్రవేత్తలు మళ్లీ ఆసియా కొండలకే రావలసి వచ్చింది.

దాని చుట్టం కాలా హిసాలుదీ ఇదే కథ. వేదిక మాత్రం ఈక్వెడార్‌కు చెందిన గాలపగోస్ దీవులు. చార్లెస్ డార్విన్ పరిశీలనలతో ప్రసిద్ధమైన నేల అది. 1980ల తొలినాళ్లలో పండ్ల కోసం తెచ్చిన ఈ పొదను అక్కడి వాళ్లు 'మోరా' అంటారు. దీవుల ఎత్తైన, తేమ నేలల్లో ఇది దాదాపు 30,000 హెక్టార్లలో పరుచుకున్నట్టు అంచనా. ఆ దీవుల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని స్కలీసియా చెట్ల అడవుల్లో నేటికి మిగిలింది కొద్దిపాటి ముక్కలే. వాటి అడుగున మోరా అల్లుకుంటే కొత్త మొలక లేవదు. పెద్ద చెట్టు చస్తే దాని స్థానంలోకి వచ్చే పిల్లచెట్టు ఉండదు.

తొలగించడం కూడా సులువు కాదు. గింజలు మట్టిలో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉంటాయి. పొదను కొట్టేసి మందు చల్లితే, ఈలోగా ఆ పొదల్లోనే గూడు, తిండి వెతుక్కోవడానికి అలవాటుపడిన చిన్న పక్షులకు కొంతకాలం ఇబ్బంది. ఒక పొరపాటును దిద్దడానికి మరో నష్టాన్ని భరించాల్సిన పరిస్థితి.

హిమాలయం మీద పడిన ఒక నింద

ఇక్కడ ఒక గందరగోళాన్ని తొలగించాలి. అమెరికా పశ్చిమ తీరంలోని ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో నదుల వెంట అల్లుకుపోయిన మరో ముళ్లపొద ఉంది. దాని పేరు 'హిమాలయన్ బ్లాక్‌బెర్రీ'. పేరు చూసి అది కూడా మన కొండల నుంచే వెళ్లిందనుకుంటారు. కాదు. దాని శాస్త్రీయ నామం రూబస్ ఆర్మేనియాకస్. సొంత నేల ఆర్మేనియా, ఉత్తర ఇరాన్ ప్రాంతాలు.

ఈ పేరు వెనక ఉన్నది ప్రసిద్ధ మొక్కల పెంపకందారు లూథర్ బర్‌బ్యాంక్. 1885లో భారత్ నుంచి ఇచ్చిపుచ్చుకున్న విత్తనాల్లో ఇది ఆయన చేతికి చేరింది. పెద్ద పండ్లు, విరగకాపు చూసి ముచ్చటపడి 'హిమాలయ జెయింట్' అని పేరుపెట్టి అమ్మాడు. పండు బాగుంది, జనం నాటుకున్నారు. తర్వాత అది పెరళ్లు దాటింది. ఇప్పుడు ఆ రాష్ట్రాల్లో దాన్ని కలుపుగా ప్రకటించి తొలగిస్తున్నారు. హిమాలయం చేయని తప్పుకు పేరు మాత్రం హిమాలయానిది.

హిసాలు, మోరా, బర్‌బ్యాంక్ బ్లాక్‌బెర్రీ మూడింటిలోనూ ఒక పోలిక ఉంది. వీటిని ఎవరూ దొంగచాటుగా మోసుకెళ్లలేదు. పండు రుచి నచ్చి, మంచి ఉద్దేశంతోనే తీసుకెళ్లారు.

మన ముంగిట్లోనూ ఇదే కథ

ఇది దూరపు దీవుల గొడవ అనుకోనవసరం లేదు. అద్దాన్ని మన వైపు తిప్పితే రాయలసీమ, తెలంగాణ, కోస్తా పల్లెల్లో అందరికీ తెలిసిన సర్కారు తుమ్మ కనిపిస్తుంది. అమెరికా ఖండపు మెట్ట నేలల మొక్క అది. వంటచెరకు కోసం, బీడు నేలలను పచ్చగా చేయడం కోసం 1870ల చివర్లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారులు విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటించారు. ఆ తర్వాత అది చెరువు గర్భాలు, కాలువ గట్లు, పచ్చికబయళ్లు ఆక్రమించిన తీరు ఏ రైతును అడిగినా చెబుతాడు. దాని నుంచి పొయ్యిలోకి కట్టె, బతుకుతెరువుగా బొగ్గు దొరికాయన్నదీ నిజమే. అందుకే దాన్ని ఉంచాలో తీసేయాలో తేల్చుకోవడం ఇంత కష్టమైంది.

లాంటానాదీ అంతే. మన ఊళ్లలో తలంబ్రాల చెట్టు అని పిలుచుకునే ఈ పూలపొదను బ్రిటిష్ వాళ్లు పంతొమ్మిదో శతాబ్దపు మొదట్లో తోటల అందం కోసం తెచ్చారు. ఐయూసీఎన్ 100 జాతుల జాబితాలో హిసాలుతో పాటు లాంటానా కూడా ఉంది. 2020లో వెలువడిన ఒక అధ్యయనం దేశంలోని పులుల ఆవాసంలో దాదాపు 40 శాతం మేర లాంటానా చొరబడిందని అంచనా వేసింది. హవాయి వాళ్లకు మన హిసాలు ఏమిటో, మనకు అమెరికా ఖండపు లాంటానా అదే.

కాబట్టి 'మంచి మొక్క', 'చెడ్డ మొక్క' అన్న విభజన నిలవదు. ఒక మొక్కకు దాని చోటులో ఎన్ని ముకుతాళ్లు ఉంటాయో చూడాలి. హిసాలును హిమాలయంలో మేక కొరుకుతుంది, పురుగు తింటుంది, రైతు కంచె కోసం నరుకుతాడు, ఓక్ చెట్టు నీడతో అణచివేస్తుంది. ఈ నలుగురి మధ్య అది పొదగా ఉంటుంది. ఈ నలుగురూ లేనిచోట అడవినే కప్పేస్తుంది.

అమ్మకానికి పెట్టవచ్చా?

ఇప్పుడు అసలు ప్రశ్న. కొండ ఊళ్లలో ఆదాయం లేదు. ఉచితంగా కాసే పండు ఉంది. దాన్ని జామ్‌గా, షర్బత్తుగా మార్చి అమ్మితే కొన్ని ఇళ్లకైనా ఆసరా కాదా?

అవుతుంది. ఉత్తరాఖండ్, హిమాచల్‌లలో బురాంశ్ పూల షర్బత్తు ఆ దారిలోనే ఇంటి వంటకం నుంచి దుకాణాల్లోకి చేరింది. కాకపోతే హిసాలుకు మూడు చిక్కులున్నాయి. మొదటిది, పండు నిల్వ ఉండదు. కాబట్టి కోసిన ఊళ్లోనే, అదే రోజు వండాలి. పట్నంలోని ఫ్యాక్టరీకి మోయడం కుదరదు. ఇది చిక్కులా కనిపించే మేలు కూడా. పని, కూలి ఊళ్లోనే ఉంటాయి. రెండోది, ఒక్కో పండూ చేత్తో, ముళ్ల మధ్య కోయాలి. ఆ శ్రమ ఎక్కువగా ఆడవాళ్లది, పిల్లలది. ధర కట్టేటప్పుడు ఆ శ్రమను లెక్కలోకి తీసుకోకపోతే లాభం వ్యాపారికి, గీతలు కోసినవాళ్లకు మిగులుతాయి. మూడోది, వేరు. స్థానిక వైద్యంలో హిసాలు వేరును కడుపునొప్పి, జ్వరం వంటి వాటికి వాడతారు. ప్రయోగశాల పరీక్షల్లో పండులో విటమిన్ సి, యాంటీఆక్సిడెంట్ గుణాలు కనిపించాయి. అంతమాత్రాన అది రోగాలు నయం చేసే మందని ప్రచారం చేయడం సరికాదు. అలాంటి ప్రచారం ఊపందుకుంటే గిరాకీ పండు మీద కాక వేరు మీద పడుతుంది. పండు కోస్తే మొక్క బతుకుతుంది, వేరు తవ్వితే బతకదు.

ఈ విషయంలో నిర్ణయం తీసుకోగల వ్యవస్థలు ఇప్పటికే ఉన్నాయి. ఉత్తరాఖండ్‌లో 1931 నుంచి వన పంచాయతీలు ఉన్నాయి. ఊరి అడవిలో ఎప్పుడు గడ్డి కోయాలి, ఎప్పుడు పశువులను ఆపాలి అని గ్రామస్తులే నిర్ణయించుకునే ఏర్పాటు అది. నేడు ఆ రాష్ట్రంలో పదకొండు వేలకు పైగా ఇలాంటి పంచాయతీలున్నాయి. ఏ వాలు మీది పండ్లు కోయవచ్చు, పక్షులకూ పిల్లలకూ ఎంత వదలాలి, వేరు తవ్వకూడదు అన్న నియమాలు పెట్టుకోవడానికి ఇంతకంటే దగ్గరి వేదిక లేదు.

2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థ పరిధిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊళ్లోని మొక్కలు, వాటి గురించిన తెలివిని ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లో నమోదు చేయాలి. రాస్ప్‌బెర్రీ పండించే దేశాల్లో వేడిని తట్టుకునే రకాల కోసం వెతుకుతున్న పెంపకందారులకు ఆసియా జాతులంటే ఆసక్తి ఉంది. మైసూర్ రాస్ప్‌బెర్రీ అమెరికాలోని ఫ్లోరిడా వంటి వెచ్చని చోట పెరటి పండుగా ఇప్పటికే పాతుకుంది. మన అడవి జాతుల నుంచి రేపు ఏదైనా కొత్త వ్యాపార రకం పుడితే, అందులో ఆ కొండ ఊళ్లకు వాటా అడగాలంటే ముందుగా వాళ్ల పేరు రిజిస్టర్లో ఉండాలి.

మొక్కను ఇంటికి తెచ్చుకోవాలనుకునేవారికి, ఆన్‌లైన్‌లో విత్తనాలు కొనేవారికి కూడా ఒక మాట. సహజంగా హిసాలు లేని చల్లని కొండప్రాంతంలో, ముఖ్యంగా అడవి అంచున ఉన్న తోటలో దాన్ని నాటకపోవడం మంచిది. విదేశాల్లో ఉండే తెలుగువారు తీర్థయాత్రకు వచ్చి వెళ్తూ విత్తనాలు మూటగట్టుకోకూడదు. చాలా దేశాల్లో అది నేరం కూడా. కంచె మన చేతిలో ఉన్నా పక్షి మన చేతిలో ఉండదు. హవాయిలో నాటినవాళ్లూ తమ తోట వరకే నాటారు.

హిసాలును కాపాడటానికి దాన్ని ఎక్కడికో తీసుకెళ్లి పెంచనక్కర్లేదు. అడవి అంచును అడవి అంచుగా ఉండనివ్వాలి. లాంటానా, కాలా బాంసా ఎక్కువైన వాలుల్లో వాటిని తొలగించే పనికి ఊరివాళ్లకే కూలి ఇవ్వాలి. ఖాళీ అవుతున్న ఊళ్లలో బడి, ఆసుపత్రి నిలబడాలి. అప్పుడు గట్టు మీది పండును కోసే పిల్లలు ఊళ్లోనే ఉంటారు.